కిటికీ పక్క మూడో బెంచీ

నాకు కోపం ఎక్కువ. ఇది దాచుకునే విషయం కాదు, దాచినా దాగేదీ కాదు. రేపల్లెలో మా బడి గేటు ముందు బజ్జీల బండి పెట్టుకునే ఆవిడకి కూడా నేను ఏ పూట ఏ క్లాసులో ఉన్నానో తెలుస్తుంది, నా గొంతు అంతదూరం పోతుంది. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మా ఇల్లు తెనాలిలో. పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లె వెళ్ళటం, సాయంత్రం చాక్‌పీసు చేతులతో తిరిగి రావటం. ఇంటికొచ్చాక మా ఆయన ముఖం చూసి, "ఇవాళ ఎవరు బలయ్యారు?" అని అడుగుతాడు. నేను చెబుతాను. ఆయన వింటాడు, పాపం.

కోపంతో పాటు నాకింకో గొప్ప ఉండేది. పిల్లల్ని చూడగానే చెప్పేస్తానని. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారానికే, పదో తరగతిలో ఎవరు తొంభై దాటతారు, ఎవరు ఎలాగోలా గట్టెక్కుతారు, ఎవరి కోసం నేను నెత్తీ నోరూ బాదుకోవాలి, అంతా చెప్పేసేదాన్ని. మార్చి పరీక్షలయ్యాక చూసుకుంటే అటూ ఇటుగా అలాగే వచ్చేవి మార్కులు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ అబ్బో అనేవాళ్ళు. మా తెలుగు మాస్టారు మాత్రం అనేవారు కాదు. ఆయన గవర్నమెంటు బడిలో రిటైరై, ఇంట్లో ఊసుపోక మా బడిలో చేరిన పెద్దాయన. ఆయనదీ తెనాలే, నాతో పాటే రైల్లో వచ్చేవారు. "ఏమ్మాయ్, నువ్వు లెక్కల టీచరువా, జాతకాలు చెప్పేదానివా?" అని ఏడిపించేవారు. "రెండూనండీ" అనేదాన్ని నేను, నవ్వుతూ. నేను చెప్పినట్టే ఎందుకు జరుగుతోందన్న అనుమానం నాకొక్కసారి కూడా రాలేదు. నా తెలివి అనుకున్నాను, అంతే.

నేను బి.ఇడి. చదివింది బాపట్లలో. అప్పుడు మాకు సైకాలజీ చెప్పే లెక్చరరు గారు సన్నగా, కాస్త వంగి నడిచే మనిషి. ప్రేరణ, పునర్బలనం, వైయక్తిక భేదాలు, ఇవన్నీ మా చేత నోట్సు రాయించేవారు. మేం బట్టీ కొట్టేవాళ్ళం. రికార్డులో ఒక కేస్ స్టడీ ఉండేది. టీచింగ్ ప్రాక్టీసుకి వెళ్ళిన బడిలో ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని, నెల రోజులు గమనించి, వాడి గురించి రాయాలి. ఎవరు గమనిస్తారండీ! పాఠాల చార్టులు గీసుకోవడానికే మాకు టైము చాలేది కాదు. హాస్టల్లో సీనియర్ల రికార్డు తీసుకుని అందరం ఎక్కించేశాం. ఆ సీనియరు తన సీనియరు దగ్గర ఎక్కించింది. తండ్రి తాగుబోతు, తల్లి కూలిపని, కుర్రవాడు వెనక బెంచీ. టీచరు ప్రేమగా మాట్లాడింది, కుర్రవాడు మారాడు, క్లాసులో రెండోవాడొచ్చాడు. ఆ పిల్లవాడు బాపట్లలో ఎన్నేళ్ళుగా ఎనిమిదో తరగతే చదువుతున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

లెక్చరరు గారు నా రికార్డు తిరగేసి, సంతకం పెట్టబోతూ ఆగి, "వీడు ఏ చేత్తో రాస్తాడమ్మా?" అని అడిగారు. నేను తడుముకోకుండా "కుడి చేత్తో సార్" అన్నాను. ఆయన చిన్నగా నవ్వి సంతకం పెట్టేశారు. బయటికొచ్చి మేమంతా పడీ పడీ నవ్వుకున్నాం.

సైకాలజీ అలా అయిపోయింది. ఇక పిల్లల ముందు ఎలా నిలబడాలో నేను నేర్చుకున్నదంతా నా చిన్నప్పటి లెక్కల మాస్టారి దగ్గర. తెనాలిలో నేను తొమ్మిది, పది చదివినప్పుడు ఆయన లెక్క ఇచ్చి, క్లాసంతా తిరుగుతూ వచ్చి నా వెనక నిలబడేవారు. ముక్కుపొడి వాసన వచ్చేది. అంతే, నా చెయ్యి పరుగెత్తేది. ఆయన చూస్తున్నారంటే నాకు ఎక్కడలేని హుషారు. తప్పు చేస్తే నెత్తిన మొట్టేవారు, అదీ బాగుండేది నాకు. టీచరు వచ్చి వెనక నిలబడటమంటే పిల్లకి బలమని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. నాకు బాగుంది కాబట్టి ఊళ్ళో పిల్లలందరికీ బాగుంటుందనుకున్నాను. ఇరవై రెండేళ్ళు అలాగే నిలబడ్డాను.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి చెబుతాను.

మొన్నటి సంవత్సరం జూన్‌లో మా బడిలో కొత్తగా పదో తరగతిలో చేరింది. అంతకుముందు కొల్లూరు వైపు ఏదో బడిలో చదివింది. వాళ్ళ నాన్న కృష్ణా నది లంకల్లో అరటిగెలలు వ్యానుకి ఎత్తి రేపల్లె, తెనాలి తోలతాడు. ఆ తిరుగుడు కోసం కాపురం రేపల్లెకి మార్చారు. వాళ్ళమ్మ ఇంట్లో మిషను కుడుతుంది, జాకెట్లు, చీరలకి ఫాల్సు. పిల్ల పొడుగ్గా ఉంటుంది, తల ఎప్పుడూ పుస్తకంలోనే. నోట్లో నాలుక లేదు. ఎత్తుని బట్టి కూర్చోబెడితే కిటికీ పక్క మూడో బెంచీ వచ్చింది.

చేరిన వారంలోనే ఒకరోజు లేపి ఒక సూత్రం అడిగాను. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ అడిగాను. కళ్ళు బోర్డు మీద, చెయ్యి బెంచీ అంచు మీద, అలా నిలబడిపోయింది. నాకసలే ఓపిక తక్కువ. "నీకూ లెక్కలకీ పడదులే తల్లీ, కూర్చో" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. బెల్లు కొట్టేసరికి ఆ సంగతే మర్చిపోయాను. మనసులో మాత్రం ఆ పిల్లని ఒక గడిలో పెట్టేశాను, ముప్పై అయిదు కోసం తిప్పలు పడాల్సిన వాళ్ళ గడిలో.

ఆ గదిలో రెండు ఫ్యాన్లు. ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరుగుతున్నానంటుంది. నాకా, ఈ వయసులో ఆడవాళ్ళకి వచ్చే ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగ, మెడ వెనక చెమట కారిపోతుంది. ఆ మూడో బెంచీ పక్క కిటికీ కాలవ వైపుకి. అక్కడ ఒక్కచోటే చల్లగాలి కొడుతుంది. పిల్లలకి లెక్క ఇచ్చినా, పరీక్ష పెట్టినా, కాసేపు అటూ ఇటూ తిరిగి చివరికి వెళ్ళి అక్కడే నిలబడేదాన్ని. చేతిలో ఎర్రపెన్ను, అది నా చేతిలో ఎప్పుడూ ఉండేదే. చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ పావుగంట, అరగంట.

యూనిట్ టెస్టుల్లో ఆ పిల్లకి నలభైకి తొమ్మిది వచ్చాయి. తర్వాత ఏడు. క్వార్టర్లీలో పది. తెలుగు, సైన్సు, సోషలు అన్నీ పాసే, మంచి మార్కులే. లెక్కలు మాత్రం ఇలా. మధ్యలో ఒక టెస్టులో ముప్పై ఒకటి వచ్చాయి. ఆ రోజు నేను లీవు, మా ఆడపడుచు కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి చీరాల వెళ్ళాను. తెలుగు మాస్టారు పరీక్ష పెట్టించారు. పేపరు దిద్దుతూ, పక్కదాన్ని చూసి రాసిందని ఖాయం చేసేసుకున్నాను. ముప్పై ఒకటి వేసి, పక్కన ఎర్రపెన్నుతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చాను. ఆ పిల్ల పేపరు ఒకసారి చూసి, మడిచి తిరిగి ఇచ్చేసింది. ఏంటని అడగలేదు. అడగలేదంటే కాపీ కొట్టినట్టేగా అనుకున్నాను నేను.

నవంబరు వచ్చింది. నవంబరులో మా బడిలో ఒక పని జరుగుతుంది. పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా పైకి పంపాలి. మా బడి గేటు మీద ఏటా ఫ్లెక్సీ కడతారు, పదో తరగతిలో నూటికి నూరు పాస్ అని. ఆ నూరు ఎలా వస్తుందంటే, పాసవరని మాకు అనుమానం ఉన్నవాళ్ళని జాబితాలోంచి ముందే తీసేస్తాం. వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిచి, ఓపెన్ స్కూల్లో కట్టించండి, తేలిక, సర్టిఫికెట్టు సర్టిఫికెట్టే అని నచ్చజెబుతాం. స్టాఫ్‌రూమ్‌లో దీన్ని పక్కన పెట్టటం అంటారు. కూరలో మిరపకాయ పక్కన పెట్టినంత మామూలుగా అంటారు.

కరస్పాండెంటు గారు, అంటే బడి యజమాని, మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "మేడమ్ గారూ, లెక్కల్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నేను తలెత్తకుండా ఆ పిల్ల పేరు చెప్పేశాను.

శనివారం వాళ్ళమ్మ వచ్చింది. మిషను ముందు నుంచి లేచి అలాగే వచ్చేసినట్టుంది, మెళ్ళో టేపు వేలాడుతోంది. నేనే మాట్లాడాను. ఇలాంటివి చెప్పటంలో నాకు మంచి పేరుంది.

"దానికి వాళ్ళ క్లాసు పిల్లలతో కలిసి రాయాలనుందమ్మా" అందావిడ. "పాలిటెక్నిక్ చదువుతానంటంది."

"లెక్కలు రాని పిల్లకి పాలిటెక్నిక్ ఏంటమ్మా?"

"అది కాదండి. ఇప్పుడు బడి మానేసి ఇంట్లో కూర్చుంటే ఇక లేవదండి అది. మిషను ముందు నా పక్కన కూర్చుంటది, ఫాల్సు కుట్టుకుంటా అలాగే ఉండిపోద్ది. నాకు తెలుసు. నేనూ అట్లాగే కూర్చున్నాను."

నేను ఊరుకోకుండా, ఫెయిలైతే పిల్ల మనసు విరిగిపోతుందని, ఏడాది ఆలస్యమైనా నింపాదిగా రాసుకోవచ్చని, బి.ఇడి.లో బట్టీ కొట్టిన మాటలన్నీ చెప్పాను. ఆవిడ వింది. "మీరు చెబితే సరేనండి. మీకు తెలిసినట్టు మాకు తెలుస్తదా" అని కాగితం మీద నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు చెంప మీద కొట్టినట్టుంటుంది. అప్పుడు మాత్రం అమ్మయ్య, పనయిపోయింది అనుకున్నాను.

ఇంకొక్క పని మిగిలింది. రేపు తల్లిదండ్రులు వచ్చి గొడవ పెట్టుకుంటే చూపించడానికి, పక్కన పెట్టిన పిల్లల పేపర్లు, అందులో మరీ తక్కువ వచ్చినవి, ఏరి ఫైల్లో పెట్టాలి. పరీక్ష పేపర్లు దిద్ది చూపించాక మళ్ళీ వెనక్కి తీసుకుని బడిలోనే కట్టలు కట్టి ఉంచుతాం. ఆ కట్టలు తెనాలి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యాక వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను.

తొమ్మిది వచ్చిన పేపరు తీశాను. మొదటి పేజీలో లెక్కలు సుబ్బరంగా ఉన్నాయి. దిద్దుడు లేదు, కొట్టివేత లేదు. మార్కులన్నీ ఆ పేజీలోవే. రెండో పేజీ నుంచి అడ్డగీతలు. మామూలుగా అయితే నేను కొట్టేసినవి చదవను, ఏ టీచరూ చదవదు. పిల్ల తనే కొట్టేసిందంటే అది లెక్కలోకి రాదు. ఆ రోజు ఎందుకు చదివానంటే, ఫైల్లో పెట్టడానికి బాగా అధ్వాన్నంగా ఉన్న పేజీ ఏదా అని చూస్తున్నాను కాబట్టి. ఆ గీతల కింద వర్గసమీకరణం లెక్క ఉంది. మూలాలు రెండూ కరెక్టు. ఆఖరి స్టెప్పు దాకా కరెక్టు. దాని మీద అడ్డంగా గీత. కింద మళ్ళీ మొదలుపెట్టి, ఎక్కడో గుర్తు మార్చి, తప్పు చేసి, అది ఉంచింది.

ఏంటీ పిల్ల, మతి ఉందా అనుకున్నాను. తర్వాతి లెక్కా అంతే. సరిగ్గా చేసింది, కొట్టేసింది, తప్పు రాసింది. ఏడు వచ్చిన పేపరు తీశాను. అందులోనూ మొదటి పేజీ శుభ్రం, రెండో పేజీ నుంచి గీతలు. క్వార్టర్లీ పేపరూ అంతే. ప్రతిదాంట్లో మొదటి పేజీ బాగుంది. మొదటి పేజీ రాసేటప్పుడు ఏముంది, రెండో పేజీ రాసేటప్పుడు ఏమొచ్చింది?

చాలాసేపు తెలియలేదు. పరీక్ష మొదలయ్యాక మొదటి ఇరవై నిమిషాలు నేనేం చేస్తానా అని ఆలోచించాను. కుర్చీలో కూర్చుని హాజరు వేసుకుంటాను, మిగిలిన పేపర్లు లెక్కపెట్టుకుంటాను, సంతకాలు చేస్తాను. తర్వాత లేస్తాను. లేచి వెళ్ళి గాలి కోసం ఆ కిటికీ దగ్గర నిలబడతాను.

గబగబా ఆ ముప్పై ఒకటి వచ్చిన పేపరు వెతికాను. ఒక్క గీత లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం, ఒకే దస్తూరి. ఇక పక్కన కూర్చునే అమ్మాయి పేపరు కూడా తీసి చూశాను. దానికి వచ్చినవి పంతొమ్మిది. పంతొమ్మిది వచ్చిన పిల్లని చూసి ముప్పై ఒకటి ఎలా రాస్తారు? లెక్కల టీచర్ని నేను. ఈ చిన్న లెక్క చెయ్యకుండా ఆ పేపరు మీద ప్రశ్నార్థకం పెట్టాను. అయిదు నెలలు ఆ పిల్ల నెత్తిన నిలబడ్డాను, ఏ చేత్తో రాస్తుందో కూడా నాకు తెలియదు. అప్పటికప్పుడు ఎంత గుర్తు తెచ్చుకున్నా కళ్ళ ముందుకి రాలేదు. వంచిన మెడ, జడ, అంతే.

మా ఆయన వచ్చి, "ఏంటలా ఉన్నావు?" అన్నాడు. "నన్ను కాసేపు పలకరించకు" అని కసిరాను. ఆ కసురు ఆయన మీద కాదని ఆయనకి తెలుసు.

సోమవారం రైల్లో తెలుగు మాస్టారిని అడిగాను, ఆ రోజు పరీక్షలో మీరేం చేశారని.

"నేనేం చేస్తానమ్మాయ్, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకున్నాను."

"పిల్లల్ని చూడరా?"

"చూస్తే వాళ్ళేం రాస్తారు!" అని నవ్వారు. ఆయన సరదాకే అన్నారు. నేను మాత్రం రేపల్లె వచ్చేదాకా ఆ మాటే నెమరేసుకుంటూ కూర్చున్నాను.

బళ్ళోకి వెళ్ళగానే కరస్పాండెంటు గారి గదికి పోయాను. ఆ పిల్ల పేరు జాబితాలో పెట్టాలన్నాను.

"శనివారం మీరే కదా మేడమ్ గారూ వద్దన్నది?"

"నేనే అన్నాను. తప్పన్నాను."

"రేపు పోతే?"

"పోదు."

"పోతే మన ఫ్లెక్సీ..."

"ఫ్లెక్సీ సంగతి నాకు తెలీదు సార్. పోతే నన్ను తీసెయ్యండి." ఇంత మాట అనాలని నేను వెళ్ళలేదు. కోపం నన్ను అనిపించేసింది. ఈసారి ఆ కోపం నా మీద.

ఆయన టేబులు మీది జాబితా దగ్గరికి లాక్కుని, "మధ్యాహ్నం రెండింటికి జాబితా ఎక్కించేస్తారు. తల్లి సంతకం పెట్టిన కాగితం ఉంది నా దగ్గర. ఆవిడే వచ్చి వద్దంటే నాకేం అభ్యంతరం లేదు. పిల్లా, తల్లీ ఇద్దరూ రావాలి" అన్నారు. ఆ మాట దక్కింది, చాలనుకున్నాను. ఆవిడకి ఫోన్ చేశాను. చేతిలో పెళ్ళివారి జాకెట్లున్నాయి, ఒంటిగంటకి వస్తానంది.

ఈలోగా ఇంటర్వెల్లులో పిల్లని మేడమెట్ల దగ్గరికి పిలిచి, పేపరు చూపించాను. "ఈ లెక్క కరెక్టుగా చేశావుగా, ఎందుకు కొట్టేశావే?"

మాట్లాడలేదు. నాకు కోపం రాబోయింది, పళ్ళ బిగువున ఆపుకున్నాను. జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు నేను. మెట్టు మీద కూర్చున్నాను. తనని కూడా కూర్చోమన్నాను. కూర్చోలేదు. చాలాసేపటికి, నేల చూస్తూ అంది, "మీరొచ్చి నిలబడ్డారు కదండీ."

"నిలబడితే?"

"తప్పు చేస్తున్నానని నిలబడ్డారనుకున్నానండి. అందుకని వేరేలా చేశాను. అయినా మీరు వెళ్ళలేదు. అదీ తప్పేమోనని..."

"నేను గాలి కోసం నిలబడ్డానే!" అన్నాను. "అక్కడ గాలొస్తుంది. నాకు ఉక్కపోస్తుంది. నేను నీ పేపరు వైపే చూడలేదు."

ఆ పిల్ల నా ముఖం వైపు కాక, మెడ వైపు చూసింది, అక్కడ అప్పుడు కూడా చెమట కారుతోంది. నమ్మిందో లేదో తెలీదు. నిజం చెప్పాలంటే నేను చెప్పింది కూడా సగం నిజమే. గాలి కోసమే నిలబడ్డాను. కానీ జూన్‌లో, పదిమందిలో, నీకూ లెక్కలకీ పడదని నవ్విన మనిషి వచ్చి నిలబడితే అది గాలి కోసమని ఏ పిల్ల అనుకుంటుంది? నా ముక్కుపొడి మాస్టారు నన్ను చూసి ఎప్పుడూ అలా నవ్వలేదు. ఆయన వెనక నిలబడేముందే నాకు లెక్కలొస్తాయని ఆయన నమ్మారు. నేను ఆయన నిలబడటం నేర్చుకున్నాను, నమ్మటం నేర్చుకోలేదు.

ఒంటిగంటన్నరకి వాళ్ళమ్మ పరుగున వచ్చింది. ముగ్గురం స్టాఫ్‌రూమ్ బయట నిలబడ్డాం. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నాదే పొరపాటమ్మా, మీ అమ్మాయికి లెక్కలొచ్చు, మీరొచ్చి ఒక్కమాట చెబితే చాలు, పేరు పెట్టేస్తారు, అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. కూతురి వైపు తిరిగి, "విన్నావటే? పద పద, టైమైపోతంది" అంది.

పిల్ల కదల్లేదు. "వద్దమ్మా" అంది.

"ఏంటే వద్దు?"

"ఓపెన్‌లోనే రాస్తాను."

"నిన్న రాత్రంతా ఏడ్చి ఇప్పుడు వద్దంటావేంటే! పాలిటెక్నిక్ అన్నావు, నీ స్నేహితురాళ్ళతో రాస్తానన్నావు..."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా గట్టిగానే ఉంది. గోడ గడియారంలో రెండు కావడానికి పదిహేను నిమిషాలుంది. నేను, "ఎందుకు తల్లీ? చెప్పు. ఏమైనా అను, నేనేమీ అనను" అన్నాను.

"ఓపెన్‌లో అయితే..." అని ఆగి, వాళ్ళమ్మ వైపు చూసి, మళ్ళీ అంది. "ఓపెన్‌లో అయితే మీరుండరు కదండీ."

లోపల ఎవరో టిఫిన్ డబ్బా మూత పెడుతున్న చప్పుడు.

"పబ్లిక్ పరీక్షలో కూడా నేనుండను" అన్నాను. ఆ సంగతి పదో తరగతి పిల్లలందరికీ తెలుసనుకుంటాం మేం. ఎవరూ ప్రత్యేకించి చెప్పం. "సెంటరు వేరే బడిలో పడుతుంది. గదిలో ఉండేది వేరే బడి టీచర్లు. సొంత బడి టీచర్లని గేటు దాటి లోపలికి రానివ్వరు."

ఆ పిల్ల తలెత్తింది. జూన్ నుంచి నా ముఖంలోకి తిన్నగా చూసింది అదే మొదటిసారి.

"నిజంగానాండీ? మీరు రారా?"

"రాను."

"మధ్యలో కూడా?"

"మధ్యలో కూడా రానివ్వరు."

"అయితే రాస్తానండి" అంది.

వాళ్ళమ్మ సిగ్గుతో చచ్చిపోయి, "అదేం మాటే, మేడమ్ గారితో!" అని భుజం మీద ఒక్కటిచ్చింది. "కొట్టకండమ్మా" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. పిల్లల ముందు ఎప్పుడూ ఏడవలేదు నేను. ఆవిర్లు కమ్మినట్టు నటించి చెంగుతో ముఖం తుడుచుకున్నాను, ఆ సాకు ఆ రోజు బాగా పనికొచ్చింది. వాళ్ళిద్దరూ కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్ళారు. వాళ్ళమ్మ శనివారం సంతకం పెట్టిన కాగితం చేతిలో నలుపుకుంటూ బయటికొచ్చింది.

అప్పటి నుంచి మార్చిదాకా పరీక్ష పెట్టినప్పుడల్లా కుర్చీలోంచి లేవలేదు, ఒక్కసారి తప్ప. చెమటకి జాకెట్టు తడిసిపోయేది. అయినా లేవలేదు. ఆ పిల్లకి ఒకసారి ఇరవై ఆరు వచ్చాయి, ఒకసారి ముప్పై మూడు, మధ్యలో ఒకసారి మళ్ళీ పన్నెండు. ఆ పన్నెండు వచ్చిన రోజు నేను తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడి తిరిగొస్తూ అలవాటుగా రెండు అడుగులు ఆ వైపు వేశాను. ఆ పిల్ల మనసు మారిపోయిందని, నేను మారిపోయానని నేను చెప్పను. బాపట్లలో మేం రాసిన రికార్డుల్లో అయితే అలా రాసేవాళ్ళం.

ఫలితాలొచ్చిన రోజు ఆ పిల్ల తెలుగు మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన నాకు చేశారు. లెక్కల్లో డెబ్భై నాలుగు. "మీ ఇద్దరికీ అభినందనలు అమ్మాయ్" అన్నారు. నా గురించి ఏమైనా అడిగిందా అని నోటిదాకా వచ్చింది. ఆయన్ని అడగలేదు.

ఫోన్ పెట్టేశాక సంతోషంతో ఒకచోట కూర్చోలేకపోయాను. మా ఆయనకి చెప్పాను, స్వీటు తెప్పించాను. ఆ సంతోషంలోనే నాకు మిగతావాళ్ళు గుర్తొచ్చారు. ఈ ఇరవై రెండేళ్ళలో, నవంబరు నెలల్లో, తలెత్తకుండా నేను చెప్పిన పేర్లు. పదకొండు మంది. వాళ్ళ పేపర్లు ఎప్పుడో పాత కాగితాలవాడికి పోయాయి. కనీసం ఎవరెవరు ఏ బెంచీ మీద కూర్చునేవాళ్ళో, నేనెక్కడ నిలబడేదాన్నో గుర్తు తెచ్చుకుందామని ఒక తెల్లకాగితం మీద ఆ గది గీసి, బెంచీలు గీసి, పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్కరిని కూడా ఎక్కడా పెట్టలేకపోయాను.